కొబ్బరి చిప్పల మీద మేడ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతులమ్మలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మగవాళ్ళ కమిటీలతో అన్నేళ్ళు ఎలా వేగేరండీ?" అని. నేను వేగడమేమిటి? వాళ్ళే నాతో వేగారు. ఈ ప్రశ్న వాళ్ళని అడిగితే ఇంకా బాగా చెబుతారు, చెప్పగలిగినవాళ్ళు కొందరు ఇంకా గట్టిగానే ఉన్నారు. అయినా అడిగారు కనక ఒక్క సంగతి రాస్తాను. ఇది పాఠం చెప్పిన సంగతి కాదు. పాఠం చెప్పడానికి గది కట్టించిన సంగతి. ట్రైనింగు కాలేజీలో ఎవరూ చెప్పరు గాని, మన ఉద్యోగంలో సగం అదే.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. రాజోలు తాలూకాలో కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్ళో ఆడపిల్లల మిడిల్ స్కూలుకి నన్ను హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. బి.ఏ. లెక్కలు మద్రాసులో చదువుకున్నాను. నోరు మాత్రం ఇంటి దగ్గరే నేర్చుకున్నాను. బళ్ళో మూడో ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి దాకానే ఉండేది. ఆ తరవాత ఆడపిల్లకి చదువు లేదు. మగపిల్లల హైస్కూలుకి రెండు కాలవలు దాటి వెళ్ళాలి. పైట వేసిన పిల్లని అంత దూరం ఎవరు పంపుతారు? నాలుగో ఫారం ఇక్కడే పెట్టించండని ఇన్‌స్పెక్ట్రెస్ గారి వెంటపడ్డాను. ఆవిడ నాకంటే గట్టి మనిషి. "జూన్ నాటికి రెండు పక్కా గదులు చూపించండి, ఇస్తాను. పాకలు చూపిస్తే మాత్రం ఈ గుమ్మం తొక్కకండి" అంది.

కింద ఉన్న గదులు ఉన్న క్లాసులకే చాలవు. పక్కన స్థలం లేదు. ఇంక పైకి వెళ్ళడమే దారి. ఆ ఏడు మూడో ఫారంలో డజను మంది పిల్లలుండేవారు. జూన్‌లో గదులు లేకపోతే వాళ్ళ చదువు అక్కడితో సరి. మరుసటేడు మేడ లేచినా వాళ్ళకేం లాభం? అప్పటికి ఒక్కొక్కర్తె ఒక్కో వంటింట్లో ఉంటుంది. ఆ డజనులో మా కమిటీ ప్రెసిడెంటు గారి మనవరాలు ఒకర్తె. జామెట్రీ అంటే ప్రాణం దానికి. రోజూ బడి వదిలాక నా బల్ల పక్కన నిలబడి, "నాలుగో ఫారం ఉంటుందాండీ?" అని అడిగేది. ఉంటుందని చెప్పేదాన్ని. చెప్పినందుకైనా ఉండేలా చూడాలి కదా!

ప్రెసిడెంటు గారు పెద్ద కొబ్బరి తోటల ఆసామి. బడి స్థలం ఆయన ఇచ్చిందే. మంచి మనిషి. కాకపోతే ఇచ్చిన సంగతి ఆయనా మరిచిపోరు, ఎదటివాళ్ళనీ మరిచిపోనివ్వరు.

మేడ ప్లాను వేసింది అమలాపురం ఓవర్సీరు గారు. పైన రెండు గదులు. మెట్లు బయటనుంచి. మెట్లెక్కి గదుల్లోకి పోవాలంటే ముందు వరండా ఉండాలి. వరండా కింద స్తంభాలు వేద్దామంటే అది కొబ్బరికాయల బళ్ళు నడిచే కాలవ గట్టు దారి. అందుకని గది అడుగు స్లాబునే గోడ దాటించి, నాలుగడుగులు గాల్లోకి చాచేటట్టు గీశారాయన. కింద స్తంభం లేదు, దూలం లేదు. కమిటీ ఆ కాగితం చూసి బిత్తరపోయింది. "ఏదీ పట్టుకోకుండా ఎలా నిలుస్తదండీ?" అని ఒకరు. "చూరు నిలవట్లేదా?" అని నేను. "చూరు మీద పిల్లలు నడవరు కదండీ" అని ఆయన. ఆ వాదనలో ఆయనే నెగ్గారు. అలా జరగడం నాకు గిట్టదు. అందుకే ఓవర్సీరు గారు మళ్ళీ వచ్చినప్పుడు ఆయన్ని పట్టుకున్నాను.

ఆయన వైనతేయం పాయని పంటు పడవ మీద దాటి, ఇవతల సైకిలెక్కి వచ్చేవారు. బక్కపల్చని మనిషి, మాట తక్కువ.

"లోపల గదికి ఇనప ఊచలు అడుగున వెయ్యమన్నారు. బయట వరండాకి పైన వెయ్యమన్నారు. ఒక స్లాబుకి రెండు న్యాయాలేమిటండీ?" అన్నాను.

"అదంతేనండి."

"అదంతే అంటే నేను ఊరుకునే రకం కాదండి."

"తెలుసండి, ఊళ్ళో చెప్పేరు" అన్నారాయన. అని, గేటు దగ్గర గంపలో కర్రపెండలం దుంపలు అమ్ముతున్న ఆవిడ దగ్గర రెండు పచ్చి దుంపలు తీసుకొచ్చారు. ఒకటి రెండు ఇటికల మీద వారధిలా పెట్టి నడుమ నొక్కారు. ఫట్‌మని అడుగున నోరు తెరిచింది. రెండోదాన్ని బల్ల అంచున సగం బయటకి ఉంచి, లోపలి సగం మీద ఇటిక బరువు పెట్టి, బయటి కొసని నొక్కారు. ఈసారి పగులు పైన వచ్చింది.

"నొక్కితే కాంక్రీటు ఎంతైనా ఓర్చుకుంటుందండి. లాగితే ఓర్చుకోదు, పగులుతుంది. ఏ వైపు పగులుతుందో ఆ వైపు ఇనుముండాలి. అంతే."

"ఈ ముక్క ముందే చెబితే ఇంతసేపు వాదించేదాన్ని కాదు కదండీ?"

"మీరు వాదించకపోతే చెప్పేవాణ్ణి కాదండి" అని సైకిలెక్కేశారు.

మర్నాడు అదే పాఠం మూడో ఫారంలో చెప్పాను. గంపెడు దుంపలు విరిచాం. విరిచినవి పిల్లలు ఉడకేయించుకు తిన్నారు. అంత ఇష్టంగా నా పాఠం ఇంకెప్పుడూ ఎవరూ పుచ్చుకోలేదు.

సిమెంటూ ఇనుమూ పర్మిటు మీద దొరికే రోజులవి. రెండూ పడవ మీద వచ్చాయి. కంకరా పడవ మీదే వచ్చింది, కోనసీమలో కుక్కని కొడదామన్నా రాయి దొరకదు కదా. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు. మా ఊరి నూతుల్లోవి ఉప్పునీళ్ళు. అవి తగిలితే ఇనుము లోలోపలే తుప్పు పడుతుందని ఓవర్సీరు గారు మరీ మరీ చెప్పారు. పోత అయిన తరవాత కూడా స్లాబు మీద నీళ్ళు నిలవగట్టి తడపాలి. అందుకని కాలవ కట్టెయ్యకముందే పోత అయిపోవాలి, మడుగుల్లో మిగిలే మంచినీళ్ళు ఎండిపోకముందే తడుపూ అయిపోవాలి. ఆ వారం తప్పితే మళ్ళీ కాలవ వదిలాకే. అంటే జూన్ దాటిపోయినట్టే. డజను మంది చదువు కాలవ నీళ్ళ మీద ఆధారపడింది.

మా తెలుగు పండితులు ముహూర్తం పెట్టారు. పెద్దాయన, చమత్కారి. నన్ను చూసి భయపడని ఏకైక సహోద్యోగి. "ముహూర్తం నేను పెడతాను గాని, మీరు ఎవరితోనూ పోట్లాడకుండా ఉండే ఘడియ పంచాంగంలో లేదమ్మా" అన్నారు.

పోతకి రెండు రోజుల ముందు ఓవర్సీరు గారు వచ్చి ఊచల వరసలు చూసుకున్నారు. వరండా మీది పై ఊచలు కిందికి జారకుండా సిమెంటూ ఇసకా కలిపి చిన్న చిన్న దిమ్మలు పోసి, వాటి మీద నిలబెట్టమని మేస్త్రికి నా ఎదటే చెప్పారు. ఊచల మీద ఎవరూ నడవకూడదు, చెక్కలు పరుచుకుని నడవాలి, గోడ దగ్గర పోత ఆపకూడదు, గదీ వరండా ఒకే పోతగా సాగాలి అని కూడా చెప్పారు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు మేస్త్రి. పోత రోజు పొద్దున్నే వస్తానని ఓవర్సీరు గారు వెళ్ళిపోయారు.

ఆ పొద్దున్న ఎదురుగాలి. పంటు అవతలి ఒడ్డునే నిలిచిపోయిందని కబురు. ముహూర్తానికి ఓవర్సీరు గారు లేరు.

ఇక్కడ మన ఊళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఇల్లు కట్టేటప్పుడు దూలం ఎత్తుతుంటే అయినవాళ్ళంతా తలో చెయ్యీ వేస్తారు. పిలవకపోతే అలుగుతారు, వేసినవాళ్ళు ఆ ఇల్లు సగం తమదే అనుకుంటారు. మా మేడకీ ఊరంతా ఏదో ఒకటి ఇచ్చింది. ఒకరు బండెడు ఇటిక, ఒకరు స్లాబు చెక్కల కింద పోటీ పెట్టడానికి సరుగుడు బాదులు, ఒకరు కూలీలకి పూట భోజనం. అందరూ చెయ్యి వెయ్యడానికి వచ్చారు. కాని స్లాబుకి దూలం ఏదీ? చెయ్యి వెయ్యడానికి ఏమీ కనపడకపోయేసరికి కాలు వేశారు.

నేను కింద నీళ్ళ పీపాల దగ్గర ఉన్నాను. నూతి నీళ్ళు తెచ్చి పొయ్యకుండా కాపలా. పైన కొబ్బరికాయ కొట్టారు. వెనక గోడ మూల మొదటి తట్ట కాంక్రీటు పడింది. ఇంతలో ఏదో చిటపటమని చప్పుడు. పొయ్యిలో తాటాకు వేసినట్టు. తలెత్తి చూస్తే వరండా అంచున, గట్టు మీద జనానికీ కాలవలో పడవలకీ బాగా కనపడేచోట, ప్రెసిడెంటు గారూ ఆయన చుట్టూ కమిటీ మొత్తమూ ఉత్సవ విగ్రహాల్లా నిలబడి ఉన్నారు. ఊచల మీద.

చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెనెక్కాను. వంగి చూశాను. పైన ఉండాల్సిన ఊచలు అడుగు చెక్కని అంటుకుని పడుకున్నాయి. వాటి కింద నలిగిన కొబ్బరి చిప్పలు.

"ఇవేమిటి మేస్త్రీ?"

"చిప్పలండి."

"చిప్పలని నాకూ కనపడుతోంది. దిమ్మలేవి?"

"పర్మిటు సిమెంటు కదండీ, దిమ్మలకి తగలెయ్యడమెందుకని చిప్పలు బోర్లించి పెట్టేనండి. సరిగ్గా అదే ఎత్తు. చిప్ప మహా గట్టిదండి."

"గట్టిదైతే పగిలిందేం?"

"ఇంతమంది ఎక్కుతారని దానికి తెల్దు కదండీ."

ఎంత కోపంలో ఉన్నా ఆ జవాబుకి నవ్వొచ్చింది. నవ్వితే చులకనైపోతానని బిగపట్టాను.

"ఇనుము ఇనుమేనండి అమ్మగారూ. కాంక్రీటులో పడ్డాక పైనేంటి, కిందేంటి? కానిచ్చేద్దారండి" అన్నాడు మేస్త్రి. బయట కొసని నొక్కితే ఫట్‌మన్న దుంప నా కళ్ళముందు కదిలింది. పగులు పైన వస్తుంది. అక్కడ ఇనుము లేదు. సరుగుడు బాదులు తీసిన రోజునే విరిగితే అదృష్టం. తీసిన రోజు నిలిచి, పిల్లలందరూ బారులు తీరిన రోజున విరిగితే?

"ఏమైందండీ అమ్మగారూ? పోత ఆగిందేంటి?" అని ప్రెసిడెంటు గారు.

"మీరు ఊచల మీద నిలబడ్డారండి. దిగండి."

ఆయన చేతికర్ర ఊచ మీద ఠంగుమని ఆనించారు.

"నన్నేనా అండీ? స్థలం ఇచ్చింది నేనండి."

"స్థలం కింద ఉందండి. అక్కడ ఎంతసేపైనా నిలబడండి."

కమిటీలో ఒకరు, "ఆడకూతురు అనాల్సిన మాటేనా అది?" అన్నారు. ఇంకొకరు, "ముహూర్తంలో అపశకునం" అన్నారు. ప్రెసిడెంటు గారి మొహం కందగడ్డ అయిపోయింది. "ముహూర్తం దాటిపోతే బాధ్యత ఎవరిదండీ?" అన్నారు. నేను కింద ఉన్న పండితుల వంక చూశాను. ఆయన కళ్ళకి చెయ్యడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసి, తాపీగా, "మొదటి తట్ట పడిందిగా, ముహూర్తం నెరవేరింది. తక్కిన తట్టలకి దుర్ముహూర్తమైనా దోషం లేదు" అన్నారు. ఆయన శాస్త్రం అంత సాగుతుందని నాకు అంతకుముందు తెలియదు.

"చూడండీ, మీ మనవరాలు నాలుగో ఫారానికి వెళ్ళాలంటే దాటాల్సింది ఈ చోటే. ఇప్పుడు మీ కాళ్ళున్న చోటు. ఈ ఊచలు ఇలాగే పడుకుంటే అది ఇక్కడ నిలబడ్డప్పుడు నేను పాఠం చెప్పలేను. కిందికి చూస్తూ కూర్చోవాలి" అన్నాను.

ఆయన గట్టు మీదికి చూశారు. ఆ పిల్ల మిగతా పిల్లలతో కలిసి అక్కడే నిలబడి ఉంది. దుంపలు విరిచిన పిల్ల కదా, దానికి సంగతి అర్థమైపోయింది. తాతగారినీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. ఆయన కండువా భుజాన వేసుకుని నిచ్చెన దిగిపోయారు. ఆయన వెనక కమిటీ కూడా.

అప్పుడు మేస్త్రి ఇంకో ఉపాయం తీశాడు. "గది మటుకు ఇవాళ పోసేసి, వరండా రేపు పోద్దామండి." సరిగ్గా గోడ దగ్గర అతుకు! అరటిపండు తొక్కలా అక్కడే ఊడుతుంది. వీల్లేదన్నాను. కలిపిన కాంక్రీటు మన కోసం ఆగదు, గట్టిపడిపోతుంది. అందుకని పోత వెనక గోడ వైపు నుంచి నెమ్మదిగా సాగుతూనే ఉండాలి. అది ముందు గోడ దగ్గరికి వచ్చేలోపు వరండా ఊచలు లేచి నిలబడాలి.

దేని మీద? దిమ్మలు పోస్తే ఆరడానికి వ్యవధి లేదు. కోసెయ్యగా మిగిలిన ఊచ ముక్కలు మూల కుప్ప పడి ఉన్నాయి. వాటిని కోడికాళ్ళలా వంచితే చాలు. కమ్మరి కొలిమి గట్టు చివర ఉంది. నేను నిచ్చెన వదిలి వెళ్తే మళ్ళీ ఎవరు ఎక్కుతారో! పండితులు, "నేను వెళ్తానమ్మా" అని ఆ ముక్కలన్నీ తన జరీ అంచు ఉత్తరీయంలో మూటకట్టుకుని పరుగెత్తారు. ఆయన పరుగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు. కూలీలు ఈల వేశారు.

నడవడానికి చెక్కలు చాల్లేదు. పడవవాణ్ణి అడిగి పడవలోకి ఎక్కే బల్ల పట్టుకొచ్చాం. ఒక తలుపు రెక్క ఊడదీశాం. ఇంకా చాలకపోతే మూడో ఫారం నల్లబల్ల తెచ్చి పరిచాను. వంచిన కాళ్ళు ఎర్రెర్రగా కొలిమిలోంచి వచ్చి నీళ్ళలో సుయ్యిమంటుంటే, మేస్త్రి మనుషులు ఊచలు ఎత్తి ఒక్కొక్కటీ వాటి మీద కట్టారు. నలిగిన చిప్పలు నేనే ఏరి కిందికి విసిరాను. మేస్త్రిని ఏమన్నానో ఇక్కడ రాయను, ఇది చిన్నవాళ్ళు కూడా చదువుతారు. కాని ఒకటి ఒప్పుకోవాలి. తిట్లు తింటూనే చేతులు ఆపని మనిషి అతను.

ఇంతలో కింద ఏదో గలాటా. ప్రెసిడెంటు గారి వియ్యంకులు మలికిపురం నుంచి పడవ దిగారు. పట్టు పంచె, చేతిలో పూలదండ. ఆయన సరాసరి నిచ్చెన దగ్గరికి వచ్చారు. అక్కడ, నిచ్చెన మొదట్లో, చేతికర్ర అడ్డంపెట్టి స్టూలు మీద కూర్చున్నది ఎవరనుకున్నారు? ప్రెసిడెంటు గారే.

"ఒక్క అడుగు వేసి వచ్చేస్తాను బావగారూ."

"కుదరదండి బావగారూ. మా హెడ్‌మిస్ట్రెస్ గారు ఒప్పుకోరండి."

"అదేంటండీ, నన్ను కూడానా?"

"నన్నే దింపేసేరండి!"

ఆ మాటలో కోపం ఎంతో, గర్వం ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. వియ్యంకులు మాత్రం ఆ పడవలోనే వెనక్కి వెళ్ళిపోయారు. ఆ అలక తీరడానికి రెండేళ్ళు పట్టిందని విన్నాను.

పోత గోడ దాటి వరండాలోకి వస్తున్నప్పుడు ఓవర్సీరు గారు చెమటలు కక్కుకుంటూ సైకిలు దిగారు. పైకి వచ్చి, నల్లబల్ల మీద మోకాళ్ళు ఆనించి, ఊచల కింద వేలు పెట్టి చూశారు. వరస పొడుగునా చూశారు.

"ఈ కాళ్ళు ఎవరు పెట్టించేరండీ?"

"నేనేనండి" అన్నాడు మేస్త్రి, నా వైపు చూడకుండా.

నా జీవితంలో నేను వదులుకున్న వాదన అదొక్కటే.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఊళ్ళో మాట పుట్టింది. ముహూర్తం చెడిందనీ, కొబ్బరి చిప్పల మీద కట్టారనీ. చిప్పల మేడ అని పేరు కూడా పెట్టేశారు. పిల్లల తల్లులు కాలవ రేవులోనే చెప్పేసేవారు నాకు. "చిప్పల మేడకి మా పిల్లని పంపమండి." గది ఉండి పిల్లలు రాకపోతే ఇన్‌స్పెక్ట్రెస్ గారికి ఏం చూపించను, గోడలా? వాదించి చూశాను. దుంపలు విరిచి చూపించాను. విన్నట్టే తలలూపి, పంపమనే అన్నారు.

సరుగుడు బాదులు తీసేరోజు ఊరంతా వచ్చింది, దూరంగా నిలబడింది. నేను ఆఫీసు గదిలోంచి నా కుర్చీ తీసుకొచ్చి, సరిగ్గా వరండా అంచు కింద వేసుకుని కూర్చున్నాను. "కానియ్యి మేస్త్రీ" అన్నాను. మేస్త్రి ఓవర్సీరు గారి వంక చూశాడు. ఆయన తలూపారు. ధైర్యమా అని అడగకండి. లెక్క తెలిసిన మనిషికి ధైర్యంతో పని తక్కువ.

మొదటి బాదు పడబోతుంటే నా పక్కన ఇంకో కుర్చీ చప్పుడైంది. ప్రెసిడెంటు గారు కూర్చుని, కర్ర ఒళ్ళో పెట్టుకున్నారు.

"మీరెందుకండీ?" అన్నాను.

"స్థలం కింద ఉందన్నారు కదండీ. ఎంతసేపైనా ఉండమన్నారు."

బాదులు ఒకటొకటీ పడ్డాయి. చెక్కలు ఊడుతున్నాయి. చివరి చెక్క ఊడగానే ఠప్పుమని పైనుంచి ఏదో మా మధ్య పడింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. జనం వెనక్కి తోసుకున్నారు. మేమిద్దరం కదల్లేదు. నేను లెక్క నమ్మి, ఆయన నేను కదల్లేదు కనక.

వరండా అంచు మూల, నా కంటపడకుండా మిగిలిపోయిన ఒకే ఒక్క చిప్ప. ప్రెసిడెంటు గారు దాన్ని తీసి, తిప్పి చూసి, మేస్త్రి చేతిలో పెట్టారు. "నీదేనా, ఇంద." ఊరంతా పగలబడి నవ్వింది. నవ్వులో భయం పోయింది. పైన చిప్ప అచ్చు గుండ్రంగా పడింది. దానివల్ల మోసం లేదని ఓవర్సీరు గారు చెప్పారు. పూడుస్తానని మేస్త్రి సిమెంటు కలుపుకొచ్చాడు. నేను పూడ్చనివ్వలేదు.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చి, వరండా మీద మడమలతో గట్టిగా నాలుగు అడుగులు వేసి, సంతకం పెట్టింది. బడి తెరిచిన రోజున నాలుగో ఫారం పిల్లలు, ఆ డజను మందీ, పుస్తకాలూ జామెట్రీ పెట్టెలూ పట్టుకుని మెట్లెక్కారు. కింద గట్టు మీద ప్రెసిడెంటు గారు, పక్కన నేను. పైన అడుగుల చప్పుడు కాస్తా పరుగైంది. పరుగు కాస్తా గెంతులైంది. కొత్త సిమెంటు పొడి రాలి ఆయన తెల్లటి కండువా మీద పడింది. ఆయన అదిరిపడి తలెత్తి, "నెమ్మదిగా నడవండే పిల్లల్లారా! గెంతకండి!" అని కేకేశారు.

"గెంతనివ్వండి. గెంతినా నిలవడానికే కదండీ ఇనుము పైన పెట్టాం" అన్నాను.

"ఆయ్" అన్నారాయన. కండువా మాత్రం దులుపుకోలేదు.